రుబ్బురోలూ, నత్తా, ఒక జంతికల పిండి ముద్దా

ఆ రోజుల్లో నాకు అక్షరం ముక్క రాదు. రాదని పెద్దగా దిగులూ లేదు. బస్సు నంబరు పక్కవాళ్ళని అడిగి ఎక్కేదాన్ని, మందు సీసాను మూత రంగు చూసి గుర్తుపట్టేదాన్ని, సంతకం అనే మాట వినపడగానే నా బొటనవేలు దానంతటదే ఇంకు డబ్బా వైపు పరుగెత్తేది. చదువుకున్నవాళ్ళు అన్నీ చూస్తారని, వాళ్ళ కళ్ళకు ఆననిది నా కళ్ళకు ఎలాగూ ఆనదని గట్టి నమ్మకం ఉండేది. ఆ నమ్మకం ఒక ఎర్ర కారు బానెట్ కింద జంతికల పిండికి అతుక్కుని ఊడి వచ్చింది. ఎలాగో చెబుతాను.

అప్పుడు నాకు పాతికేళ్ళు. విజయవాడ ఆటోనగర్లో ఒక ఇంజన్ల షెడ్డులో సామాన్లు కడిగేదాన్ని. విప్పిన ముక్కలను కిరోసిన్ తొట్టిలో ముంచి, బ్రష్షుతో రుద్ది, గుడ్డతో తుడిచి, ఏ వరసలో విప్పారో ఆ వరసలో ట్రేలలో పేర్చడం నా పని. (మా ఆయన మాత్రం చుట్టాల దగ్గర "మా ఆవిడ ఇంజన్ల పని చేస్తది" అని చెప్పుకునేవాడు. నేనూ కాదనలేదు.) స్టోరు గది కూడా నేనే సర్దేదాన్ని. పేర్లు రాయడం రాదు కాబట్టి ఒక్కో అరకు ఒక్కో రంగు నూలు కట్టేదాన్ని. పెడన వైపు మగ్గాల ఇంట్లో పుట్టినదాన్ని, వేళ్ళ మధ్య పోగు లేకపోతే నాకు ఆలోచన సాగదు. షెడ్డు యజమానిని బాబాయి అనేదాన్ని. చుట్టరికమేమీ లేదు, మా వీధివాడు, అంతే. షెడ్డు పైన మేడలో ఆయనా, పిన్నీ ఉండేవాళ్ళు.

ఆ ఏడాది బాబాయి మేనల్లుడు చదువు ముగించుకుని షెడ్డులో దిగాడు. మాటకు ముందు "మా డిప్లమాలో", మాటకు వెనక "మా డిప్లమాలో" అంటుండటంతో అతను లేనప్పుడు అందరం అతన్ని డిప్లమా అనే పిలుచుకునేవాళ్ళం. వచ్చిన వారానికే అతని కన్ను నా రంగు దారాల మీద పడింది.

"ఏంటి మావయ్యా ఇది, స్టోరు గదా, ముడుపులు కట్టే చెట్టా? కంప్యూటర్ పెడదాం. చదువొచ్చిన మనిషిని పెట్టుకుందాం."

"మరి ఆ పిల్ల?" అన్నాడు బాబాయి.

"ఆ అక్కకి బయటెక్కడైనా దొరుకుద్దిలే పని."

బాబాయి తల గోక్కుని, "ఒకటో తారీకు దాకా చూద్దాంలేరా," అన్నాడు. నేను తొట్టి దగ్గరే ఉన్నాను. కిరోసిన్లో పడిన నట్టు కోసం వెతుకుతున్నట్టు ఎంతసేపు వంగి ఉన్నానో నాకే తెలియదు. ఒకటో తారీకుకు ఇంకా పది రోజులు కూడా లేవు.

అలాంటి సమయంలో వచ్చింది ఆ ఎర్ర కారు. రెండే సీట్లు, నేలకు ఆనుకున్నట్టుండే ఒళ్ళు, పరదేశంలో పుట్టిన బండి. దాని యజమాని ఉయ్యూరు వైపు చెరుకు రైతుల కుటుంబంలో కుర్రవాడు, విజయవాడలో ఏదో వ్యాపారం చేసేవాడు. మేం చెరుకుబాబు అనేవాళ్ళం. అతనికి ఆ కారు ఉన్న వేగం చాలలేదట, సూపర్‌చార్జర్ బిగించమన్నాడు. అంటే ఏమిటని బాబాయిని అడిగితే, "అన్నం తిననని మారాం చేసే పిల్లాడికి వాళ్ళమ్మ ముద్దలు కుక్కుద్ది చూడు, అట్టా ఇంజనుకి గాలి కుక్కే మిషను," అన్నాడు. నాకు ఇట్టే అర్థమైంది. రోజూ మా అమ్మాయికి ముద్దలు కుక్కే ఆ తల్లిని నేనే కదా.

మద్రాసు నుంచి ఒకటి, బెంగుళూరు నుంచి ఒకటి, రెండు కిట్లు తెప్పించారు. వన్ టౌన్ కొట్లవాళ్ళు పెళ్ళివారింటికి చీరల మూటలు పంపి, నచ్చింది ఉంచుకుని మిగతావి తిప్పి పంపమన్నట్టే ఈ బేరమూనూ. షరతు ఒక్కటే: ఒక్క బోల్టు బిగించినా, ఒక్క గీత పడినా ఇక వెనక్కి తీసుకోరు. కాబట్టి పెట్టి చూసి ఎంచుకునే వీల్లేదు, కాగితాలు చదివి తేల్చుకోవాల్సిందే. అంటే ఆ పని డిప్లమాది.

వాటి పేర్లు నాకు నోరు తిరిగేవి కావు. మొదటిది ఇంజను నెత్తిన కూర్చునే రకం. లోపల రెండు మెలికల పొత్రాలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటున్నట్టు తిరుగుతూ గాలిని పిండి చేసి పంపుతాయి. అది రుబ్బురోలు. రెండోది ఇంజను పక్కన బెల్టుకు వేలాడుతుంది, చుట్టలు చుట్టుకున్న గుల్ల ఆకారం. అది నత్త. మూడో రోజుకు బాబాయి కూడా ఫోన్లో "ఆఁ, నత్త వచ్చిందండీ" అంటున్నాడు. డిప్లమా ఒక్కడే పూర్తి పేర్లు పలికేవాడు.

అతని ఓటు రుబ్బురోలుకే. "కాలు పెట్టగానే లాగుద్ది మావయ్యా. ఆ రెండోది ఇంజను బాగా తిరిగితే గానీ లేవదు. బెంజి సర్కిల్ ట్రాఫిక్‌లో దాంతో ఏం చేస్తాం?" అన్నాడు. చెప్పింది సబబే. చెరుకుబాబు కూడా రుబ్బురోలునే ముద్దుగా నిమురుతున్నాడు. నాకు మాత్రం ఎక్కడో పోగు తెగినట్టు అనిపించింది. పెట్టెలోంచి దాన్ని తీసి బల్ల మీద పెట్టింది నేను, నీళ్ళబిందెలా చంకన ఎత్తుకుని మరీ. ముందురోజు ఆ కారు ఇంజనును తుడిచిందీ నేనే. బానెట్ కిందికి దించితే ఇంజనుకీ దానికీ మధ్య నా పిడికిలి కూడా పట్టదు. ఉండబట్టలేక అడిగాను:

"తమ్ముడూ, ఇది పెడితే మూత పడుద్దా?"

"మూతేంటక్కా, ఇదేమన్నా అన్నం గిన్నా? ఈ కారుకి సరిపోద్దని బ్రోచర్లో ఇంత లావు అక్షరాలతో రాసి ఉంది. చదువుకో," అని, "అదే, చదివించుకో," అని దిద్దుకున్నాడు.

షెడ్డంతా నవ్వింది. (నేనూ నవ్వాను. నవ్వకపోతే ఏడవాలి కదా.)

సరిగ్గా అప్పుడే మేడ మీదినుంచి వాము వాసన దిగింది. పిన్ని జంతికలు వండుతోంది. నాకు మా అమ్మ గుర్తొచ్చింది. తలుపు ఎక్కడ పట్టేస్తోందో తెలియకపోతే గడప మీద తడి సున్నం ముద్దలు పెట్టి తలుపు వేసేది. ఎక్కడ నలిగితే అక్కడ చిత్రిక పట్టించేది. రెండేసి మెట్లు ఎక్కాను.

"పిన్నీ, ఒక ముద్ద పిండి పెట్టు."

"పచ్చిపిండి తింటావేంటే?"

"నాక్కాదు, ఇంజనుకి."

"ఇంజను తింటదా?"

"దానికి గాలి తినిపిస్తారంట పిన్నీ. ముందు పిండి తింటదేమో చూస్తా."

పిన్ని నన్ను ఎగాదిగా చూసి, కొబ్బరికాయంత ముద్ద చేతిలో పెట్టింది. భోజనాలవేళ, అందరూ క్యారియర్లు విప్పుకున్నారు. ఇంజను నెత్తినున్న గాలిపెట్టెను తీసేసి, సరిగ్గా ఆ చోటే రుబ్బురోలు పెట్టాలి. ఆ గాలిపెట్టె మీద నాలుగు చోట్ల పిండి ముద్దలు నిలబెట్టి, బానెట్ మెల్లగా దించి, నొక్కి, ఎత్తాను. మూడు ముద్దలు బుద్ధిగా చదునై కూర్చున్నాయి. నాలుగోది బానెట్‌కు అంటుకుని పైకి పోయింది. (పిండికీ బానెట్‌కీ మధ్య ప్లాస్టిక్ కాగితం వేయాలని ఇప్పుడు తెలుసు.) దాన్ని గోళ్ళతో గీకుతుండగా వెనక నుంచి గొంతు వినిపించింది.

"మేస్త్రిగారూ, నా కార్లోంచి జంతికల వాసన వస్తందేంటండీ?"

చెరుకుబాబు. అతని వెనక చేతులు కడుక్కోకుండానే బాబాయి, డిప్లమా.

"పిచ్చి గానీ పట్టిందా అక్కా! అసలు నిన్ను దీని దగ్గరికి ఎవరు రమ్మన్నారు?" అని డిప్లమా అరిచాడు.

వెనక్కి తగ్గితే ఒకటో తారీకు దాకా కూడా ఆగరని తెలిసిపోయింది. రవికెలో దోపుకున్న నూలు తీశాను. గాలిపెట్టె ఎత్తు కొలిచి, నలిగిన పిండి మందం దానికి కలిపి ఒక ముడి వేశాను. అదే పోగును బల్ల మీది రుబ్బురోలు పక్కన నిలబెట్టాను. ముడి ఆగిన చోటి నుంచి రుబ్బురోలు ఇంకా రెండు వేళ్ళు పైకి ఉంది.

"బాబాయ్, ఇది రెండు వేళ్ళు పొడుగు. మూత పడదు," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది.

డిప్లమా పకపకా నవ్వాడు. "దారంతో కొలిచి కంపెనీవాడిది తప్పంటన్నావు! నువ్వు చెప్పిందే నిజమైతే స్టోరు తాళాలు నీకే ఇచ్చేస్తాడులే మావయ్య."

"ఇస్తాను," అన్నాడు బాబాయి. నవ్వలేదు. నూలు వంకే చూస్తున్నాడు. ఫోను తీసి రుబ్బురోలు పంపినవాడికి చేసి, అందరికీ వినపడేలా పెట్టాడు.

"అయ్యా, మీ కిట్టు బిగిస్తే బానెట్ పడుద్దా?"

అవతలివాడు మర్యాదస్థుడు. "పడదు సార్. ఈ కారుకి బానెట్ కోయాలి, లేదంటే ఎత్తుగా ఉండే బానెట్ వేసుకోవాలి. అదీ మా దగ్గరుంది సార్, విడిగా ఆర్డరివ్వాలి."

"ఇప్పుడున్న దానికన్నా ఎంత ఎత్తు?"

"ఒకటిన్నర అంగుళం సార్. బ్రోచర్ ఆఖరి పేజీలో కింద రాశాం కదా."

అందరం డిప్లమా చేతిలోని బ్రోచర్ వైపు చూశాం. అతను ఆఖరి పేజీ తిప్పాడు. చీమలబారులాంటి అక్షరాలు. చదువుతున్నకొద్దీ అతని చెవులు కారు రంగుకు తిరిగాయి. బాబాయి నా రెండు వేళ్ళ పక్కన టేపు పెట్టి చూశాడు. సరిగ్గా ఒకటిన్నర.

"బానెట్ కోస్తే మా అమ్మ నన్ను కోసుద్ది," అన్నాడు చెరుకుబాబు. "నత్తే బిగించండి."

"స్లోగా పోయేటప్పుడు లాగదు సార్ అది..." అని డిప్లమా నసిగాడు.

"మన సిగ్నళ్ళ మధ్య ఏది బిగించినా నత్తేరా!" అన్నాడు బాబాయి. ఈసారి షెడ్డు నా పక్షాన నవ్వింది.

నత్తకు చోటుందో లేదో కూడా ముందే నూలుతో చూపించాను. (ఇంకో ముద్ద పిండి ఖర్చయింది. పిన్ని ఏమీ అనలేదు, వేడి జంతికల పళ్ళెం మాత్రం డిప్లమాను దాటించి ముందు నాకిచ్చింది.) సాయంత్రం బాబాయి స్టోరు తాళాల గుత్తి తెచ్చి నా కిరోసిన్ చేతిలో పెట్టాడు. డిప్లమా మంచివాడే. మర్నాడు వచ్చి, "అక్కా, ఆ రంగుల లెక్క ఒకసారి చెప్పు," అని అరగంట కూర్చుని నేర్చుకున్నాడు. కారు తయారయ్యాక చెరుకుబాబు మొదటి సవారీకి నన్నే ఎక్కించుకున్నాడు. బందరు రోడ్డు మీద ఊరు దాటేదాకా నత్త నిద్రపోయింది. చెరుకు తోటలు మొదలయ్యాక సన్నగా ఈల వేసి లేచింది చూడండీ, నా వీపు సీటుకు అతుక్కుపోయింది. నేను అరిచిన అరుపు భయంతో అనుకుని అతను బ్రేకు వేశాడు. "ఆపకయ్యా!" అన్నాను.

నలభై దాటాక, మా అమ్మాయి పక్కన కూర్చుని అక్షరాలు దిద్దాను. తెలుగు, ఆ తర్వాత కాస్త ఇంగ్లీషు. స్టోరులో దాచిన ఆ బ్రోచర్ ఆఖరి పేజీని వేలు పెట్టి, ఒక ఆదివారమంతా కూడబలుక్కుని చదివాను. పిండి చెప్పిన మాటే అక్కడ అచ్చులో ఉంది.

మొన్న ఇంట్లోకి కరెంటు రుబ్బురోలు కొన్నాను. కొట్లో పెట్టె మీది లావు అక్షరాలను నలుగురికీ వినపడేలా చదివాను: "అన్ని వంటిళ్ళకూ చక్కగా సరిపోతుంది." ఇంటికి తెచ్చి గట్టు మీద పెడితే పైన అల్మరా తగిలి మూత లేవదు. మా అమ్మాయి నూలు ఉండ తెచ్చి కొలిచి, నవ్వు ఆపుకుంటూ, "రెండు వేళ్ళు పొడుగమ్మా. పెట్టె అడుగున చిన్న అక్షరాల్లో ఎత్తు రాసే ఉంది, చూళ్ళేదా?" అంది.

చూడలేదు. చదువుకున్నదాన్ని కదా! ఇప్పుడు దాన్ని నేల మీద పెట్టి, ఎదురుగా పీట వేసుకుని రుబ్బుతున్నాను. అప్పుడప్పుడు కిరోసిన్ వాసన వేసే ఒక పాతికేళ్ళ పిల్ల ఎదురుగా వచ్చి కూర్చున్నట్టుంటుంది. పళ్ళ మధ్య నూలు పోగు పట్టుకుని, నన్ను చూసి నవ్వుతుంటుంది. నవ్వనీ, దాని హక్కు.