హెల్మెట్ మీద ఊరు

సూర్యకుమారి చదువు సంగతి వింటే ఎవరైనా ముందు నవ్వుతారు. కళింగపట్నం పిల్ల సింగపూర్ యూనివర్సిటీలో చేరి క్రొయేషియా తొలి తత్వవేత్తల మీద పరిశోధన చేయడమేమిటి! "నీకూ వాళ్ళకూ ఏం చుట్టరికం?" అని అడిగితే, "థీసిస్ పూర్తయ్యాక చదవండి, తెలుస్తుంది" అంటుంది. అది పొగరు కాదు, నమ్మకం.

ఆ నమ్మకానికీ ఒకనాడు గండం వచ్చింది. "నీ తత్వవేత్తలు రాసింది లాటిన్‌లో. చాలామంది బతికింది ఇటలీలోనో, జర్మనీలోనో. మరి వాళ్ళు క్రొయేషియా సంస్కృతికి ఎలా చెందుతారు? సోమవారం జవాబు చెప్పు, లేదంటే ఆ అధ్యాయం తీసెయ్" అన్నాడు ఆమెకు గైడుగా ఉన్న ప్రొఫెసర్. అది తీసేస్తే థీసిస్‌లో మిగిలేది అట్టలే. మూడేళ్ళ చాకిరీ! సూర్యకుమారికి ఒళ్ళు మండింది కానీ జవాబు మాత్రం తట్టలేదు.

ఆదివారం జురాంగ్ ఈస్ట్ హాకర్ సెంటర్ తిండికొట్ల దగ్గర మేనమామ నూకరాజుతో కలిసి భోంచేయడం ఆమెకు అలవాటు. ఆయన షిప్‌యార్డులో వెల్డరు. ఆ రోజు డ్యూటీ నుంచి నేరుగా వచ్చాడు. టేబులు చోప్ చేయడానికి, అంటే తమదని ఆపి ఉంచుకోడానికి, అందరూ టిష్యూ ప్యాకెట్టు పెడితే ఆయన హెల్మెట్ పెట్టి, అన్నం తేవడానికి వెళ్ళాడు. హెల్మెట్ మీద కంపెనీ ఇంగ్లీషులో అంటించిన ఆయన పేరుంది. దాని పక్కనే పెయింటుతో, తెలుగులో, 'కళింగపట్నం'.

ఆయన ప్లేట్లతో రాగానే, "ఇదేటి మావయ్యా, ఊరి పేరు రాసుకున్నావు? ఇక్కడ తెలుగెవరు చదువుతారు?" అంది.

"సదివీవోడు సదువుతాడే. యార్డులో నూకరాజులం నలుగురం. ఆ ఇంగిలీసు పేరు కంపెనీకి, ఊరు నాకు. మొన్న భీమిలోడొకడు దీన్ని సూసే, మనోడివేనా అని వొచ్చి సెయ్యి పట్టుకున్నాడు."

సూర్యకుమారి అన్నం కలపడం ఆపేసింది. ఆ తత్వవేత్తల్లో కొందరు లాటిన్ పుస్తకాల మీద తమ పేరు పక్కన పుట్టిన నేల పేరు పెట్టుకున్నారు. అది ఉత్త అలంకారమనుకుని ఏడాదిగా దాటేస్తోంది! తన తెలివికి తనకే నవ్వొచ్చింది.

సోమవారం ఆమె తడబడలేదు. "వాళ్ళు తమ నేలను పేరులో పెట్టుకుని వెళ్ళారు. వందల ఏళ్ళ తర్వాత ఆ నేల మీది జనం ఆ పేరు చదివి, మావాళ్ళేనని చేరదీసుకున్నారు. ఈ రెండూ కలిస్తేనే సంస్కృతిలో చోటు" అంది. ప్రొఫెసర్ గంటసేపు గుచ్చి గుచ్చి అడిగాడు. అధ్యాయం నిలబడింది.

థీసిస్ బైండింగు అయి రాగానే మొదటి ప్రతిని ఆదివారం హాకర్ సెంటర్‌లో నూకరాజు చేతిలో పెట్టింది. ఆ ఇంగ్లీషు ఆయనకు కొరుకుడు పడదు. మర్యాదకి పేజీలు తిప్పుతూ అంకితం దగ్గర ఆగాడు. అక్కడ తెలుగులో ఒక్కటే మాట ఉంది. పక్క టేబులు వాళ్ళు తిరిగి చూసేంత గట్టిగా చదివాడు.

"కళింగపట్నం! అయితే ఇది మన పుస్తకమే గదే!"