పాడిబర్రెకు పెద్ద మాట

ఆత్మకూరులో అర్జీలు రాసే శ్రీమన్నారాయణకు తెలుగంటే చిన్నచూపు, తేలిక ఇంగ్లీషంటే మరీ రోత. ఉదయగిరి నుంచి కాపురం మార్చినప్పుడు తెచ్చుకున్న లావుపాటి నిఘంటువులో, ఎవరూ వాడని మాట ఒకటి పొద్దున్నే వెతికి బట్టీపట్టేవాడు. పొద్దుగూకేలోగా దాన్ని ఎవరి అర్జీలోనో ఇరికించకపోతే మహానుభావుడికి అన్నం సయించేది కాదు. పక్కింటివాణ్ణి కాబట్టి ఆ వల్లెవేత వినలేక చచ్చేవాణ్ణి. జనం మాత్రం తక్కువ తిన్నారా! అర్థమైపోతే అదేం అర్జీ అని ఆయన దగ్గరికే ఎగబడేవాళ్లు.

యాభై రెండులో అనంతసాగరం వైపు నుంచి వెంగమ్మ ఏడుస్తూ వచ్చింది. మొగుడు పోయాక ఆమెకు మిగిలింది ఒక్క పాడిబర్రె. ఎవరిదో బర్రె జొన్నచేను మేస్తే, దీన్ని తోలుకొచ్చి బందెలదొడ్డిలో పెట్టారు. పదిరోజుల్లో విడిపించుకోకపోతే వేలం వేస్తారు.

"నా బర్రె తప్పు లేదని రాయి సామీ. ఇంటికాడ దూడ అల్లాడతా ఉండాది."

"బర్రె అని రాస్తే ఎవడు చదవతాడు వెంగమ్మా? నువ్వు ఇంటికి పో. ఆర్డరు దానంతటదే వస్తాది."

ఆ రోజు మాట 'లాక్టిఫెరస్'. దానికి 'క్వాడ్రుపెడ్' తగిలించాడు. పాలిచ్చే నాలుగుకాళ్లది అని భావమట! బర్రె అన్న ముక్క మొత్తం కాగితంలో లేదు. అందుకున్న అధికారి రెండుసార్లు చదివాడు. తెలియలేదంటే గుమాస్తా ముందు పరువేం కాను? సంతకం గీకి కట్టలో పెట్టించాడు. ఆ గుమాస్తాయే తర్వాత నాకు చెప్పి నవ్వాడు.

పదకొండో రోజు వేలం. "ఈ నీళ్లపాల కాఫీ ఇంకెన్నాళ్లండీ?" అని భార్య సుబ్బరత్నమ్మ తరిమితే శ్రీమన్నారాయణ వెళ్లి, చవగ్గా ఒక బర్రెను పాడుకొని, పెరట్లో కట్టేశాడు. తన అర్జీలోని జంతువుకూ దీనికీ చుట్టరికం ఉండొచ్చని ఆ పండితుడికి తట్టనే లేదు.

మర్నాడు ఆర్డరు సంగతి అడగడానికి వెంగమ్మ ఆయన ఇంటికే వచ్చింది. ఆమె గొంతు విని పెరట్లో బర్రె అరిచింది. వెంగమ్మ పరుగెత్తిపోయి దాని మెడ వాటేసుకుని భోరుమంది. సుబ్బరత్నమ్మకు సంగతి అర్థమైంది.

"ముందు ఆ తాడు ఆమె చేతికియ్యండి."

ఇచ్చాడు. వెంగమ్మ ఆయన కాళ్లకు దండం పెట్టింది.

"ఎంత బాగా రాసినావు సామీ! వాళ్లే తెచ్చి నీ ఇంట్లో కట్టేసినారే! రాయిస్తే నీ చేతనే రాయించమని మా ఊరోళ్లందరికీ చెప్తా."

అది తన రాత చలవ కాదని ఆమెకు చెప్పడానికి శ్రీమన్నారాయణకు ఆ పూట తెలుగు కూడా చాలలేదు.