మా ఇంటిపేరు పత్రికలు

సత్తెనపల్లి దగ్గర మా ఊళ్లో నాన్నకు శుభలేఖలు అచ్చువేసే ప్రెస్సు ఉండేది. ముహూర్తాలు లేని నెలల్లో మెషీన్ ఊరికే పడి ఉంటే ఆయనకు తోచేది కాదు. అందుకని నాలుగు పేజీల వారపత్రిక మొదలుపెట్టి, ఊరి పేరు పక్కన టైమ్స్ అని తగిలించాడు. పత్తి, మిర్చి ధరలు, నీళ్లు రాని కాలవలు, కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్లు అందులో వార్తలు. మార్కెట్ యార్డులో రైతులు టిక్కీల మీద, అంటే మిర్చి బస్తాల మీద కూర్చుని దాన్ని పైకి చదువుతుంటే నా కాలు నేల మీద నిలిచేది కాదు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో ఒక ప్రెస్‌మీట్‌లో పెద్ద పత్రిక విలేకరి ఒకాయన, "ఏ టైమ్స్ అండీ మీది, లండన్‌దా?" అన్నాడట. నలుగురూ నవ్వారట. ఆ పూట నాన్న అన్నం కెలుకుతూ, "పేరు మార్చేద్దామే. అరువు పేరు మనకెందుకు?" అన్నాడు అమ్మతో. నాకు ఒళ్లు మండింది. ఆ పేరు కింద నాన్న రాసిన వార్తకే పక్క ఊరి కాలవకు నీళ్లొచ్చాయి మరి!

మర్నాడు కాలేజీ ఎగ్గొట్టి ఇంటర్నెట్ సెంటర్‌లో కూర్చున్నాను. వెతికిన కొద్దీ టైమ్స్‌లే. మహానగరాలవి, చిన్న చిన్న దీవులవి, మ్యాపులో కనపడని పల్లెలవి. ఒకదానికి ఇంకొకదానితో ఏ సంబంధమూ లేదు. ప్రింట్లు తెచ్చి నాన్న ముందు పడేశాను.

"ఇంతమంది ఉన్నారా మన ఇంటిపేరోళ్లు!" అన్నాడు ఆయన.

ఇక శుభలేఖల బుద్ధి ఎక్కడికి పోతుంది? ఇంటిపేరు కలిసినవాళ్లకు కబురు పెట్టకపోతే మర్యాద కాదన్నాడు. వార్షికోత్సవ సంచికకు నాలుగు మూలలా పసుపు రాసి, నాచేత ఇంగ్లీషులో నాలుగు ముక్కలు రాయించి జతచేసి, చిరునామా దొరికిన ప్రతి టైమ్స్‌కీ పోస్టు చేశాడు.

"ముక్కూ మొహం తెలియనోళ్లకి పసుపేందండీ, నవ్విపోతారు!" అంది అమ్మ.

"ఒక్కళ్లు కూడా పలక్కపోతే అప్పుడు పేరు మారుస్తాలే."

పత్తి తీతలు అయిపోయాయి. మిర్చి కల్లాల్లోకి వచ్చింది. ఎవరూ పలకలేదు. నాన్న కొత్త పేరు ఒకటి అనుకుని, దానికి అక్షరాలు కూడా గీయించాడు. పోస్ట్‌మాన్ మా గుమ్మం దాటిపోయినప్పుడల్లా నాకు ఏడుపొచ్చేది.

అప్పుడు వచ్చింది, ఎక్కడో మంచు దేశంలోని చిన్న ఊరి టైమ్స్. మొదటి పేజీలోనే మా పత్రిక ఫొటో! పసుపు మూలలు నలుపు తెలుపుల్లో మసి అంటినట్టు పడ్డాయి. లోపల గోధుమల ధరలున్నాయి. వాన లేక చేలు ఎండుతున్నాయని ఒక వార్త ఉంది. అన్నీ నాన్నకు తెలుగులో చదివి చెప్పాను.

నాన్న ఆ పత్రికను ఒళ్లో పరుచుకుని, చెమ్మగిల్లిన కళ్లతో అమ్మ వైపు చూశాడు.

"వీళ్లకీ వానలు లేవంట పాపం. ఇప్పుడు పేరు మారిస్తే, మనల్ని ఎట్టా గుర్తుపడతారు?"