చూపించే చెయ్యి

ఆ పెద్ద దుకాణంలో క్రీముల కౌంటర్ వెనక స్టూలు మీద కూర్చునే ఆవిడకి తోటివాళ్ళు పెట్టిన పేరు మిరపకాయ. ఎదురుగా అంటే ఊరుకోదు కాబట్టి చాటుగా అనేవారు. ఆ సంగతి ఆవిడకి తెలుసు. తెలిసి కూడా నోరు తగ్గించుకోలేదు. షట్టర్ లేచేసరికి ముఖం ముడుచుకుని ఉండేది, మొదటి బేరం రాగానే అదే ముఖం విరబూసేది, బేరం వెనక్కి తిరగ్గానే మళ్ళీ ముడుచుకునేది. మనుషులంటే అంత మంటపెట్టుకుని అంత బాగా అమ్మే మనిషి ఆ అంతస్తులో ఇంకొకరు లేరు.

ఆవిడ పనిముట్టు ఎడమ చెయ్యి. ఏ క్రీమైనా కొనేవాళ్ళ చేతికి రాయకూడదు, అమ్మేవాళ్ళు తమ చేతి మీద రాసి చూపించాలి. ఇది సూపర్‌వైజర్ పెట్టిన నియమం. అందరూ ఆమెని మేడమ్ అంటారు. "వాళ్ళకి రాస్తే ఊరికే రాయించుకుని చక్కాపోతారు. మన చేతి మీద చూస్తేనే కొనబుద్ధేస్తుంది" అనేది మేడమ్. కాబట్టి చేతి వెనక ఒక చుక్క వేయడం, వేలితో తిప్పడం, "చూశారా, ఇట్టే ఇంకిపోయింది" అనడం, స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిచెయ్యడం, మళ్ళీ ఇంకో చుక్క. ఏళ్ళ తరబడి పొద్దస్తమానం ఇదే బతుకు. జెల్లులు, లోషన్లు, క్రీములు, ముఖం మీద పైపొరని లేపేసే ద్రావకాలు, అన్నీ ఆ ఒక్క చేతి మీదే. పాపం అదేమైనా గోడా? ఎర్రబడింది, పొట్టు లేచింది, కణుపుల దగ్గర పగిలింది. నీళ్ళు తగిలితే చాలు, ప్రాణం పోయినంత పనయ్యేది.

చల్లగా ఉన్నదే హాయి చేస్తుందని అందరికీ చెప్పీ చెప్పీ తనే నమ్మేసి, ముందు నీలం జెల్లు రాసుకుంది. రాసినప్పుడు హాయిగానే ఉంది. ఆరిపోగానే చర్మం బిగుసుకుపోయి ఇంకా చిటపటలాడింది. తర్వాత గులాబీ వాసన లోషన్ పట్టించింది. అది పగుళ్ళలోకి దిగి కళ్ళనీళ్ళు పెట్టించింది. ఇంటికెళ్ళి కూతురికి జడ వెయ్యబోతే ఆ పిల్ల తల పక్కకి లాక్కుంది.

"ఆ చెయ్యొద్దమ్మా, గీరుకుంటోంది."

ఆ రోజు మిరపకాయ ఎవర్నీ తిట్టలేదు. వంటింట్లోకి వెళ్ళి కాసేపు ఏడ్చింది.

కౌంటర్ కింద అట్టడుగు అరలో ఒక డబ్బా దుమ్ము కొట్టుకుపోయి ఉండేది. అందులోది రంగూ వాసనా లేని మలాం. వేలితో తీస్తే గట్టి వెన్నలా వస్తుంది, రాస్తే జిడ్డు, ఎంతసేపటికీ ఇంకదు. ఇంకదు అనే మాట ఆ కౌంటర్‌లో బూతుతో సమానం. మేడమ్ దాన్ని బండి గ్రీజు అనేది. ఆ అందాల సరుకంతటి మీదా కసితో మిరపకాయ ఆ గ్రీజునే కొనుక్కుపోయింది. చెయ్యి కడుక్కుని, తడి పూర్తిగా ఆరకుండానే దట్టంగా పట్టించింది. మండలేదు! తెల్లారి చూసుకుంటే ఇంకా చర్మాన్ని అంటిపెట్టుకునే ఉంది, కింద చర్మం మెత్తబడింది.

"ఇంకకపోవడమే కదే దీని గొప్ప, తింగరిదానా" అని తనని తానే తిట్టుకుంది.

సెలవు రోజుల్లో చెయ్యి కొంచెం తేరుకునేది. మళ్ళీ పనిలోకి రాగానే స్పిరిట్ దూది మొదటికి తెచ్చేది. చివరికి ఒకరోజు అది మేడమ్ కంట్లో పడింది.

"ఛీ, ఏంటా చెయ్యి? కొనేవాళ్ళు జడుసుకుంటారు. వచ్చే వారం నుంచి కింద గోడౌన్‌లో పెట్టెలు సర్దుకో. నీ స్టూలు మా మేనకోడలికిస్తున్నా. ఈలోపు దానికి పని నేర్పు."

మిరపకాయకి ఒళ్ళంతా భగ్గుమంది. ఆ స్టూలు మీద ఆవిడ నలుగురిలో మనిషి. మాట విసిరితే జనం నవ్వుతారు, చెప్పింది వింటారు, కొంటారు. గోడౌన్‌లో ఆ నోటికి అట్టపెట్టెలు తప్ప ఎవరు దొరుకుతారు? నీ కౌంటర్ కోసం పాడైన చెయ్యి చూసి నన్నే గెంటేస్తావా అని లోలోపల పళ్ళు నూరింది.

మేనకోడలు వచ్చింది. గీత పడని నున్నటి చేతులు, వాటిని చూసుకుని మురిసిపోయే కళ్ళు. మిరపకాయ ఆ పిల్లకి పని అక్షరం పొల్లుపోకుండా నేర్పింది. చుక్క వెయ్యి, తిప్పు, తుడువు. ఏది మండుతుందో మాత్రం చెప్పలేదు. నాలుగు రోజులు తిరక్కుండానే ఆ పిల్ల బాత్‌రూమ్‌లో కుళాయి కింద చెయ్యి పెట్టుకుని వెక్కుతూ కనబడింది.

"మంటగా ఉందక్కా! నీలం జెల్లు రాసినా తగ్గట్లేదు. నీకు తెలుసు కదా, ముందే చెప్పొచ్చుగా?"

"నాకెవరు చెప్పారు?"

"నేనేం చేశాను నీకు? మా అత్త రమ్మంటే వచ్చాను."

ఆ మాట నిజమైనందుకు మిరపకాయకి ఇంకా చిర్రెత్తుకొచ్చింది. జేబులోంచి డబ్బా తీసింది.

"ఏడుపు ఆపి, చెయ్యి ఇలా తే. తుడవకు, తడి అలాగే ఉండనీ. రుద్దితే చంపుతా, ఊరికే అద్దు."

మర్నాడు కంపెనీ పెద్దాయన వచ్చాడు. చుట్టూ జనం మూగారు. మేడమ్ కొత్త చీర కట్టుకుని పక్కనే నిలబడి, "కానివ్వండమ్మా, మన సరుకంతా చూపించండి" అంది. మేనకోడలు చెయ్యి వెనక్కి దాచుకుంది. మిరపకాయ తన చెయ్యి చూసుకుంది, తర్వాత మేడమ్ చెయ్యి చూసింది.

"మీ చెయ్యి ఇవ్వండి మేడమ్. చర్మమంటే మీదండీ! మావీ చేతులేనా?"

"అవునవును" అన్నాడు పెద్దాయన.

అంతమందిలో మేడమ్ ఏమంటుంది? ఇచ్చింది. మిరపకాయ ఆ మణికట్టు గట్టిగా పట్టుకుని జెల్లు రాసింది, స్పిరిట్ దూదితో తుడిచింది. ద్రావకం రాసింది, తుడిచింది. గులాబీ లోషన్ రాసింది, తుడిచింది. అరలో ఉన్నవన్నీ ఒకటీ వదలకుండా చూపించింది. "చూశారా, ఇట్టే ఇంకిపోయింది" అన్న ప్రతిసారీ మేడమ్ నవ్వు ఇంకాస్త వంకర పోయింది.

జనం కదలగానే మేడమ్ బుసకొట్టింది. "వచ్చే వారం కాదు, ఇప్పుడే పో కిందకి!"

మిరపకాయ పోయింది. వెలుతురు సరిగ్గా లేని ఆ గదిలో పెట్టెల మధ్య కూర్చుని, చేసింది తప్పనిపించక, స్టూలు పోయిన దిగులు ఆగక, మర్నాడు మధ్యాహ్నం దాకా అట్టపెట్టెల్నే తిట్టుకుంటూ గడిపింది. అప్పుడు తలుపు తెరుచుకుంది. మేడమ్ ఒక్కతే వచ్చింది. చేతికి రుమాలు చుట్టుకుని ఉంది.

"ఆ బండి గ్రీజు ఎక్కడ? పైన వెతికితే కనబళ్ళేదు. నీ దగ్గరుందని మా పిల్ల చెప్పింది."

డబ్బా మిరపకాయ జేబులోనే ఉంది.

"అది కౌంటర్‌లో చూపించే సరుకు మేడమ్. గోడౌన్ మనిషిని, నేనెలా చూపిస్తాను?"

మేడమ్ గుడ్లురిమింది. మిరపకాయ పెట్టె మీద పెట్టె సర్దుకుంటూ కూర్చుంది. రుమాలు కింద మంట రేగిందేమో, మేడమ్ పెదవి కొరుక్కుంది.

"సరే, పైకొచ్చి ఏడువు."

"ఆ స్పిరిట్ దూది?"

"పారెయ్యి."

"చూపించే చెయ్యి ఎవరిది?"

మేడమ్ రుమాలు మీంచి చెయ్యి నొక్కుకుంది. "కొనేవాళ్ళదే" అంది చివరికి, విషం మింగుతున్నట్టు.

మిరపకాయ మెట్లెక్కి వెళ్ళి తన స్టూలు మీద కూర్చుంది, డబ్బా మూత తీసింది.

"రండి మేడమ్, చెయ్యివ్వండి. ఇది మాత్రం ఇంకదు."