జంటతారల నడిబిందువు

నేను ఎమ్మెస్సీ పాసయి పరిశోధనలో చేరేనాటికి మా ప్రొఫెసరుగారి దగ్గర విద్యార్థులం ఇద్దరమే. నేను వాషర్‌మెన్‌పేట్‌లో ఎండుమిరపకాయల టోకు వ్యాపారి కూతుర్ని. రెండో ఆయన తిరువొత్తియూరు నుంచి రైల్లో వచ్చే క్రైస్తవుల అబ్బాయి; వాళ్ల నాన్న అక్కడి ఫ్యాక్టరీలో ఫిట్టరు. ఇద్దరి ఇళ్లలోనూ తెలుగే కాబట్టి స్నేహం తొందరగానే కుదిరింది. అయినా చివరిదాకా ఒకరినొకరం మీరు అనే అనుకున్నాం.

అవి యాభైల మధ్య సంవత్సరాలు. గురుత్వాకర్షణ గురించి లోకమంతా ఒప్పుకున్న సాపేక్షతా సిద్ధాంతం ఉండనే ఉంది. దానికి పోటీగా అప్పుడప్పుడూ కొత్తవి పుట్టుకొస్తుండేవి. అలాంటి ఒకదాని మీద మా ప్రొఫెసరుగారు మనసు పడ్డారు. సాపేక్షతా సిద్ధాంతంలోలాగా ఆకాశాన్ని వంచకుండానే పని జరుగుతుందని ముచ్చటపడేవారు. ఆ సిద్ధాంతాన్ని ఇప్పుడు తలిచేవాళ్లు లేరు. తర్వాతి కాలంలో వేరే పరీక్షల్లో అది నిలవలేదు. కానీ అంతకుముందే దానిమీద ఒక అన్యాయమైన నింద పడింది. నా కథ ఆ నిందతో మొదలవుతుంది.

ఒక విదేశీ పత్రికలో వ్యాసం వచ్చింది. ఈ సిద్ధాంతం ప్రకారం చలన సమీకరణాలు రాస్తే, అంటే ఏ వస్తువు ఎటు, ఎలా కదులుతుందో చెప్పే సూత్రాలు రాస్తే, ఒకదాని చుట్టూ ఒకటి తిరిగే రెండు నక్షత్రాలు ఎవరూ తొయ్యకుండానే వేగం పుంజుకుంటూ ఒక పక్కకు వెళ్లిపోతాయట. ఇద్దరు పిల్లలు ఒప్పులకుప్ప ఆడుతూ, నేలను తన్నకుండానే వీధి చివరిదాకా కొట్టుకుపోయినట్టన్నమాట. అలా జరగదు. కనుక సిద్ధాంతం తప్పని వ్యాసకర్త తేల్చేశారు.

ప్రొఫెసరుగారు కొన్నాళ్లు ఆ వ్యాసాన్నే తిరగేస్తూ గడిపారు. తర్వాత మమ్మల్ని పిలిచి ఆ లెక్క ఇద్దరినీ విడివిడిగా చేయమన్నారు. ఒకరి కాగితాలు ఒకరు చూడకూడదన్నారు.

ఆ లెక్కలో ఒక్కో వరస మామూలు కాగితంలో పట్టేది కాదు. నాయన అంగట్లో సరుకు చుట్టే ఖాకీరంగు కాగితం చుట్ట తెచ్చుకుని మేడమీద గదిలో నేలంతా పరిచాను. కింద మిరపకాయల బస్తాలు దులిపినప్పుడల్లా పైన నేను తుమ్మేదాన్ని. నడవడానికి దారి లేకుండా చేశానని అవ్వ గొణుక్కుంటూనే, కాగితాలు ఎగిరిపోకుండా మూలల్లో చెంబులు పెట్టేది.

నా సహాధ్యాయి నాకంటే ముందు ముగించారు. వ్యాసంలో సున్న కాకుండా మిగిలి, నక్షత్రాలను పక్కకు నెట్టిన పదమే ఆయన లెక్కలోనూ మిగిలింది. ప్రొఫెసరుగారు కాగితాలన్నీ చదివి, ఇక దీన్ని వదిలేద్దామన్నారు. నన్నూ ఆపేయమన్నారు. నేను ఆపలేదు.

వ్యాసకర్తా, నా సహాధ్యాయీ నక్షత్రాన్ని ఒక బిందువుగా తీసుకున్నారు. బిందువు దగ్గరికి వెళ్లేకొద్దీ ఆకర్షణ అంతులేకుండా పెరుగుతుంది. దాన్ని ఒక సర్దుబాటుతో పక్కకు నెట్టి ముందుకు పోవడం అలవాటు. ఆ సర్దుబాటు నాకు మింగుడుపడలేదు. నేను నక్షత్రాన్ని గోళంగానే ఉంచాను. గోళంలోని భాగాలు ఒకదాన్నొకటి లాక్కుంటాయి. అది కుప్పకూలకుండా లోపలి పీడనం ఆపుతుంది. ఈ సిద్ధాంతంలో ఆ పీడనానికి కూడా బరువుంది. దాన్ని లెక్కలో కలిపేసరికి పని ఎన్నో రెట్లు పెరిగింది. ఎండాకాలమంతా చెమట చుక్కలు కాగితం మీద పడకుండా మోచేతి కింద తువ్వాలు వేసుకుని రాశాను.

ఒక మధ్యాహ్నం చివరి వరసకు వచ్చాను. పదాలు జంటలు జంటలుగా కొట్టుకుపోతున్నాయి. చివరికి సున్న మిగిలింది. లేచి మంచినీళ్లు తాగి, అటు చివర నుంచి ఇటు మళ్లీ చేశాను. మళ్లీ సున్న. రెండు నక్షత్రాల నడిబిందువు ఎటూ పోలేదు.

శనివారం మేము కూర్చునే సమావేశంలో దాన్ని చెప్పడానికి ప్రొఫెసరుగారు అయిష్టంగానే ఒప్పుకున్నారు. బోర్డు నిండేదాకా ఊరుకుని, అప్పుడు అడిగారు.

"వ్యాసం రాసినాయనా తప్పు, ఇతనూ తప్పు, నువ్వొక్కదానివే రైటంటావా?"

"వాళ్ల కూడికల్లో తప్పు లేదు సార్. నక్షత్రం లోపల ఏముందని వాళ్లు అడగలేదు. నేను అడిగాను."

అంత ధైర్యం నాకు ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియదు. అప్పుడు నా సహాధ్యాయి లేచి వచ్చి సుద్దముక్క ఇమ్మని చెయ్యి చాపారు. తన లెక్కలో మిగిలిపోయిన పదాన్ని, నా పీడనం నుంచి వచ్చిన పదం కిందే రాశారు. గుర్తు తప్ప రెంటికీ తేడా లేదు. ఒకటి కూడిక, ఒకటి తీసివేత. ఆయన రెంటినీ తన చేత్తోనే కొట్టేశారు.

"పోయింది సార్," అన్నారు. ఆయన మొహంలో నాకున్నంత సంతోషం ఉంది.

ప్రొఫెసరుగారు పగలబడి నవ్వారు. ఆయన అలా నవ్వడం మేమెప్పుడూ చూడలేదు. కళ్లజోడు తీసి తుడుచుకుని, "మళ్లీ మొదట్నుంచి చెయ్యమ్మా. నాకోసం," అన్నారు. బోర్డంతా తుడిచేసి మళ్లీ చేశాను. ఈసారి చెయ్యి పరుగెత్తింది.

బస్సు దిగి ఇంటికి వచ్చేసరికి నాయన అంగట్లో ఉన్నాడు.

"ఏమ్మే, ఇట్టా నవ్వుకుంటా వస్తా ఉండావు?"

జరిగింది చెప్పాను. ఒప్పులకుప్ప సంగతి చెప్పాక ఆయనకు అర్థమైంది.

"అట్టయితే ఆ రెండు చుక్కలూ యాడికీ పోవా?"

"పోవు నాయనా. ఆడనే తిరుగుతా ఉంటాయి."

"సరి, సరి," అని తల ఊపాడు.

మా వ్యాసం అదే విదేశీ పత్రికలో నా పేరూ నా సహాధ్యాయి పేరూ కలిపి వచ్చింది. మొదటి వ్యాసకర్త తాను పీడనాన్ని వదిలేశానని ఒప్పుకుంటూ, దాని పక్కనే ఒక చిన్న వివరణ వేశారు. పత్రిక చేతికొచ్చిన రోజు నాయన దాన్ని అడిగి తీసుకుని త్రాసు పక్కన పెట్టుకున్నాడు. గుంటూరు నుంచి సరుకు తెచ్చిన వ్యాపారి ఒకాయన ధర మాట్లాడబోతుంటే ఆపి, ఆ పేజీ తీసి చూపించాడు.

"మా అమ్మి రెండు చుక్కల్ని పక్కకి పోనీకుండా నిలబెట్టింది, తెలుసునా?"

ఆ వ్యాపారి పేజీ వైపూ, మెట్ల మీద నిలబడ్డ నా వైపూ మార్చి మార్చి చూసి, రెండు చేతులూ జోడించాడు. నేనూ ఏమాత్రం మొహమాటపడకుండా తిరిగి నమస్కారం పెట్టాను.