మనవి గ్లాసులు

పోయిన నెలలో గుడివాడలో ఒక పెళ్లికి వెళ్లాను. మా అక్క ఆడపడుచు కూతురి పెళ్లి. భోజనాల బల్ల మీద ప్రతి విస్తరి పక్కనా అరచేతిలో ఇమిడేంత నీళ్ల సీసా పెట్టి ఉంది. కూర్చున్నవాళ్లు కూర్చున్నట్టే మూత చిటుక్కుమనిపించి, రెండు గుక్కలు తాగి, మిగిలిన నీళ్లు మిగిలినట్టే వదిలేసి, చేతులు కడుక్కోవడానికి లేచిపోతున్నారు. బంతి లేచాక ఎత్తేవాళ్లు ఆ సగం సీసాలన్నీ విస్తళ్లతో పాటు సంచుల్లోకి ఊడ్చేస్తున్నారు. చేతులు కడిగే చోట గోడ మీద ఎర్ర అక్షరాల కాగితం ఒకటి అంటించి ఉంది, 'వాడిన సీసాలు డబ్బాలో వేయవలసిందిగా మనవి' అని. ఆ చివరి మాట దగ్గర నా చూపు ఆగిపోయింది. పక్కనున్న అక్క కూడా చూసినట్టుంది, మోచేత్తో నన్ను పొడిచి, "అదిగోనే, నీ మాట," అని నవ్వింది. ఆ నవ్వు వెనక ఉన్న సంగతి చెప్పాలంటే ఇరవై ఏళ్లు పైబడి వెనక్కి వెళ్లాలి.

మా ఊరు చల్లపల్లి నుంచి అవనిగడ్డ వెళ్లే దారికి కాస్త లోపలగా, పంటకాలువ పక్కన ఉంటుంది. సముద్రం దగ్గర కావడం వల్ల బోరు ఎక్కడ వేసినా ఉప్పునీళ్లే పడేవి. తాగడానికి ఊరంతటికీ ఒకటే మంచినీళ్ల చెరువు. ఎండాకాలం కాలువలు కట్టేసే ముందు వదిలే నీటితో దాన్ని నింపుకుంటే, మళ్లీ కాలువ వచ్చేదాకా ఆ నీళ్లతోనే గడవాలి. మన వయసువాళ్లకి గుర్తుండే ఉంటుంది, బిందెలో చిల్లగింజ అరగదీసి కలిపి, నీళ్లు తేరాక పలచటి గుడ్డతో వడకట్టుకునేవాళ్లం, ఆ నీటికి మట్టివాసనతో కలిసిన ఒక చల్లదనం ఉండేది, ఇప్పటి నీళ్లలో అది ఎంత వెతికినా దొరకదు. చెరువుకి రెండు రేవులు, ఊరివాళ్ల రేవు ఒకటి, మా పేట రేవు ఒకటి. నీళ్లు మాత్రం ఒకటే.

అప్పటికి ఊళ్లో పెళ్లిళ్లకీ దినాలకీ తెల్లటి ప్లాస్టిక్ గ్లాసులు రావడం మొదలై కొన్నేళ్లయింది. తాగినవన్నీ గంపలకెత్తి కాలువగట్టున పోసేవారు, అవి గాలికి కొన్ని, వానకి కొన్ని కాలువలోకి దిగేవి. ఒక ఎండాకాలం, చెరువులోకి నీళ్లు తెచ్చే తూములో గ్లాసు మీద గ్లాసు దూరి, బిరడా కొట్టినట్టు బిగుసుకుపోయాయి. నీళ్లు వస్తున్నాయనే అందరూ అనుకున్నారు. కాలువ కట్టేశాక చూస్తే చెరువు సగం కూడా నిండలేదు. ఆ ఏడు రోహిణి ఎండల్లో అడుగునున్న బురదనీళ్లు తోడుకుని తాగాం. పేటలోనూ ఊళ్లోనూ పసిపిల్లలకి విరేచనాలు పట్టుకుని, అవనిగడ్డ ఆసుపత్రిలో మంచాలు చాలక నేల మీద పడుకోబెట్టారు.

ఆ తర్వాతే మా పొదుపు సంఘం ఆడవాళ్లు బడి వరండాలో కూర్చుని, ఇక ఊళ్లో ప్లాస్టిక్ గ్లాసు కనపడకూడదనీ, సంఘం తరఫున స్టీలు గ్లాసులు కొని ఎవరింట్లో కార్యమైనా ఊరికే ఇవ్వాలనీ అనుకున్నారు. ఈ ఆలోచన పెద్దింటి అత్తయ్యగారిది. ఊరి మొదట పెంకుటింట్లో ఉండేవారు, భూములున్న కుటుంబం. అయినా మోకాలి లోతు కాలువలోకి దిగి, చీర కుచ్చెళ్లు దోపుకుని, తెల్లారేసరికి ఒక గంపెడు గ్లాసులు ఏరి గట్టున పెట్టిన మనిషి. మా అమ్మ వాళ్ల పొలాల్లో ఊడ్పులకీ కోతలకీ వెళ్లేది కాబట్టి 'అమ్మగారు' అనేది, సంఘంలో అందరూ అత్తయ్యగారు అంటారు కాబట్టి నేనూ అదే నేర్చుకున్నాను.

ఊరంతా బాగుందన్న ఆ మాట మా ఇంట్లో మాత్రం గుబులు పెట్టింది. దానికి కారణం ఉంది. అమ్మ కాపురానికి వచ్చిన కొత్తలో పొలం గలవాళ్ల ఇళ్లలో ఆమె కోసం ఒక గ్లాసు పెరటిగోడ గూట్లో వేరే ఉండేదట, తాగి కడిగి మళ్లీ ఆ గూట్లోనే బోర్లించాలి. ప్లాస్టిక్ గ్లాసు వచ్చాక ఆ గూడు సంగతి ఎవరూ ఎత్తకుండానే పోయింది. పెద్దవాళ్ల పెళ్లికి వెళ్లినా, చర్చి వాళ్లం మేమూ, గుడి వాళ్లు వాళ్లూ, అందరి చేతిలోనూ అదే తెల్ల గ్లాసు. ఒకసారి తాగి పారేసేదానికి ఎవరి పెదవి తగిలితే ఎవరికేం? ఆ గ్లాసు చెరువుని పాడుచేసిందన్నది ఎంత నిజమో, మా అమ్మకి మర్యాద తెచ్చిందన్నదీ అంతే నిజం. "చెరువు బాగుండాల్సిందే, కాదనను. కానీ స్టీలు గ్లాసొస్తే దాని వెనకాలే గూడు కూడా వస్తదేమోనే," అంది అమ్మ, పొయ్యిలో పుల్ల ఎగదోస్తూ.

అమ్మ భయపడ్డట్టే అయింది. తరవాతి సమావేశంలో అత్తయ్యగారు మెత్తగా, ఎవరినీ నొప్పించకూడదన్న గొంతుతోనే, సగం గ్లాసుల మీద ఊరికని 'ఊ', సగం మీద పేటకని 'పే' కొట్టిద్దామన్నారు. "అటువి అటు, ఇటువి ఇటు ఉంటే గొడవ లేదు కదమ్మా. లేదంటే మావాళ్లు ముట్టుకోరు, మళ్లీ ఆ ప్లాస్టిక్కే తెస్తారు," అన్నారు. ఆమె అన్నదాంట్లో అబద్ధం లేదు. మా పేట ఆడవాళ్లు తలలు దించుకున్నారు. అమ్మ కొంగు అంచు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. డిగ్రీ చదివి, పేట పిల్లలకి ట్యూషన్లు చెబుతున్న నేను కూడా నోరు విప్పలేదు. నలుగురిలో మాట్లాడాలంటే నాకు నాలుక పిడచగట్టుకుపోయేది. నా మాటలన్నీ డైరీలోనూ, చల్లపల్లి లైబ్రరీ నుంచి తెచ్చుకున్న పుస్తకాలతోనూ సరిపోయేవి. రెండర్థాలొచ్చే మాటలు ఎక్కడ కనిపించినా డైరీ చివరి పేజీల్లో రాసుకోవడం అప్పట్లో నాకొక సరదా.

దస్తూరీ బాగుంటుందని, గ్లాసులు కొని పేర్లు కొట్టించుకు రావడానికి నన్నూ తోడుగా అమ్మనీ పంపించారు. చల్లపల్లి స్టీలు సామాన్ల కొట్లో పేర్లు కొట్టే ఆయన కిటికీ పక్కన, తుమ్మెదలా జుయ్యిమనే మిషను చేత్తో పట్టుకుని కూర్చుని ఉండేవాడు. పెళ్లికి ఇచ్చే బిందె మీద ఇచ్చినవాళ్ల పేరు కొట్టించని ఇల్లు ఆ రోజుల్లో ఉండేది కాదు కదా. "ఏం కొట్టమంటారు, కాగితం మీద రాసివ్వండమ్మా," అని పెన్సిలు నా చేతికిచ్చాడు. 'ఊ' అని రాయబోయాను. పెన్సిలు ఆపి వెనక్కి చూశాను. నా వెనక అమ్మ నిలబడి ఉంది. సంతకం వరకే చదువొచ్చిన మా అమ్మ, కొత్త గ్లాసు ఒకటి తీసి అందులో తన మొహం చూసుకుంటోంది. నేను కాగితం మీద 'మనవి' అని రాసి, "అన్నిటి మీదా ఇదేనండి," అన్నాను. ఆయన చదివి, "ఇంటిపేరా?" అన్నాడు. "అవునండి," అన్నాను.

బస్సులో అమ్మకి చెప్పాను. కిటికీలోంచి చేలు చూస్తూనే, "బాగానే ఉంది. అమ్మగారికి ఎవరు చెబుతారు, నువ్వా? నోట్లో వేలు పెడితే కొరకలేవు," అంది. గోనెసంచి మీద నుంచి చెయ్యి మాత్రం తియ్యలేదు.

అత్తయ్యగారు వసారాలో సంచి విప్పి, ఒక గ్లాసు తీసి వెలుతురుకి పెట్టి చూశారు. ఇంకొకటి తీశారు. ఇంకొకటి.

"ఇదేంటే, మనవి అని? ఎవరిని అడుక్కుంటున్నాం?"

"అడుక్కోడం కాదండీ, అత్తయ్యగారూ... మనవి. ఇవన్నీ మనవి అని."

ఆమె గ్లాసుల్ని సంచిలో వేసి, సంచి మూతి కట్టేసి, వసారా మూలకి జరిపారు. ఆ తర్వాత ఊళ్లో రెండు కార్యాలు జరిగాయి. రెండింటికీ ప్లాస్టిక్ గ్లాసులే వచ్చాయి. కాలువగట్టు మళ్లీ తెల్లబడింది. మా పేట ఆడవాళ్లు నన్నేమీ అనలేదు గానీ, ఒక్క అక్షరం కొట్టిస్తే పోయేదానికి చెరువు మీదికి తెచ్చానేమో అని నాకే అనిపించేది. ఆ రోజుల్లో నేను చెరువు వైపు వెళ్లడం మానేశాను.

ఎండలు ముదిరి, కాలువలు కట్టేసే ముందు చివరి నీళ్లు వదిలే రోజులొచ్చాయి. పోయిన ఏడు అనుభవంతో ఈసారి ఎవరూ ఇళ్లలో కూర్చోలేదు. పొద్దున్నే ఊరివాళ్లూ పేటవాళ్లూ పారలు, గంపలు పట్టుకుని తూము దగ్గరికి వచ్చేశారు. మొగవాళ్లు తూములోంచి లాగుతుంటే ఆడవాళ్లం వరుసగా నిలబడి గంపలు అందించుకున్నాం. బురదలో ఎవరి చెయ్యి ఎవరికి తగులుతోందో చూసుకునే తీరిక లేదు. ఎండ నెత్తికెక్కేసరికి అందరికీ గొంతులు ఎండిపోయాయి. పెద్దింటి నుంచి బిందెలతో మజ్జిగ వచ్చింది. తాగడానికి ఏం తెస్తారా అని చూస్తున్నాను. ఏ గ్లాసుల్ని తూములోంచి లాగుతున్నామో మళ్లీ ఆ గ్లాసుల్నే తెచ్చి అక్కడ పెట్టడానికి ఎవరికి మాత్రం మొహం చెల్లుతుంది? అత్తయ్యగారు తలతిప్పి పాలేరుని పిలిచి, "వసారాలో గోనెసంచి ఉంది, పట్రా," అన్నారు.

మజ్జిగ ఆవిడే పోశారు. తాగిన గ్లాసు తాగినట్టు బకెట్టులో ముంచి కడిగి, మళ్లీ నింపి, ఎదురొచ్చినవాళ్ల చేతిలో పెట్టారు. ఊరివాళ్లలో ఒకరిద్దరు గ్లాసుని తిప్పి తిప్పి చూసి, ఎవరిదో చెప్పే గుర్తు ఏమీ కనపడక, దాహం ఆగక తాగేశారు. అందరూ తాగడం అయింది. ఆఖరున అత్తయ్యగారు మిగిలారు. అప్పటికి ఎవరి నోటికీ తగలని గ్లాసు ఒక్కటీ లేదు. ఆ సంగతి అక్కడున్న అందరికీ తెలుసు, ఆవిడకీ తెలుసు. గ్లాసు నింపుకుని, తల వెనక్కి వంచి, పెదవికి తగలకుండా ఎత్తి పోసుకోబోయారు. గంపలు మోసి మోసి గురి తప్పిందేమో, మజ్జిగ గడ్డం మీంచి మెడలోకి జారింది.

ఎప్పుడూ తలెత్తి మాట్లాడని మా అమ్మ అన్నది ఆ మాట. "ఎత్తి తాగితే సగం రవికే తాగుద్దండీ అమ్మగారూ. మీకేం మిగులుద్ది?"

అత్తయ్యగారు కొంగుతో మెడ తుడుచుకుంటూ అమ్మ వంక చూశారు. "నీ నోరు ఇన్నాళ్లూ ఎక్కడ దాచావే?" అని ఫక్కున నవ్వి, మిగిలిన మజ్జిగ గ్లాసు పెదవికి ఆనించుకుని తాగేశారు. ఆ గట్టంతా నవ్వింది. నేను మాత్రం నవ్వలేకపోయాను. ఏడుపొస్తోందని ఎవరికీ తెలియకుండా ఖాళీ గంప పట్టుకుని తూము వైపు తిరిగాను. సాయంత్రానికి తూములోంచి నీళ్లు పొంగుతూ చెరువులో పడే చప్పుడు పేట దాకా వినిపించింది.

ఊరు ఒక్కరోజులో మారిపోయిందని అనను. ఆ గ్లాసులు వద్దన్న ఇళ్లు తర్వాత కూడా ఉన్నాయి. కానీ ఆ వేసవి మా చర్చిలో జరిగిన అక్క పెళ్లికి సంచి మా ఇంటికొచ్చింది. అత్తయ్యగారూ వచ్చారు. కాఫీ ఇస్తుంటే అమ్మని చూసి, "ఇది ఎత్తి తాగితే నోరు కాలుతుంది, తెలుసులే," అని ముందే అనేశారు. కొన్నేళ్లపాటు ఊళ్లో ఏ కార్యమైనా ఆ సంచి ఇంటింటికీ తిరిగింది. తోమి తోమి అక్షరాలు పలచబడ్డాయి. తర్వాత వంటవాళ్లే అన్నీ తెచ్చే రోజులొచ్చి, నీళ్ల డబ్బాలు వచ్చి, సంచి తిరగడం ఆగిపోయింది. సంఘం చెదిరిపోయినప్పుడు గ్లాసుల్ని సభ్యులందరూ సమానంగా పంచుకున్నారు. అన్నిటి మీదా ఒకటే మాట ఉంది కాబట్టి ఏది ఎవరు తాగిందో ఎవరికీ తెలియదు. మా పేట తాగిన గ్లాసులు పెద్దింటి వంటింట్లోకి వెళ్లాయి, వాళ్లు తాగినవి మా ఇంటికొచ్చాయి. అత్తయ్యగారు పోయారు, అమ్మా పోయింది. ఒక గ్లాసు ఇప్పటికీ నా మంచం పక్కన నీళ్లకి ఉంటుంది.

గుడివాడ పెళ్లిలో అన్ని రకాలవాళ్లం ఒకే బల్ల దగ్గర కూర్చున్నాం. ఎవరూ ఎవరినీ ఏమీ అడగలేదు. అది చిన్న మార్పు కాదు, అమ్మ చూసి ఉంటే ఎంతో సంతోషించేది. కానీ ఆ సీసా మూత చిటుక్కుమన్నప్పుడల్లా అది నాకు చెప్పేది ఒకటే, 'నీకంటే ముందు దీన్ని ఎవరూ ముట్టుకోలేదు' అని. అక్కా నేనూ మా సీసాల్లో నీళ్లు ఆఖరి చుక్క దాకా తాగి, ఖాళీ సీసాలు డబ్బాలో వేశాం. వస్తూ వస్తూ ఆ కాగితాన్ని ఇంకోసారి చూశాను. రెండర్థాల మాటని అక్కడ ఒక్క అర్థానికే వాడుకున్నారు.