ఏ గొడ్డలితోనైతే

ఆత్మకూరు దాటి, అనుమసముద్రంపేటకు దారి చీలే చోట, ఎడ్లు వాటంతట అవే నిలబడిపోయాయి. బాటకు అడ్డంగా ముగ్గురు మనుషులు ఒక మనిషిని కొడుతున్నారు. కోపంగా కూడా కాదు. చేలో కలుపు తీసేవాళ్ళలాగా వంతులు వేసుకుని, మధ్యలో చెమట తుడుచుకుంటూ కొడుతున్నారు. కింద పడ్డవాడి కోటు చిరిగింది. పై పెదవి చీలి గడ్డం మీదికి రక్తం కారుతోంది. నోరు మాత్రం మూతపడలేదు.

"చంపండి! చంపినా మీవోడు రాసింది తప్పే!"

బండిలోంచి మాలకొండమ్మ తొంగిచూసి, బండి తోలేవాణ్ణి అడిగింది. "ఎవురు వాడు, మస్తానయ్యా?"

"ఆత్మకూరు ఇస్కూల్లో ఇంగ్లీషు అయివారమ్మా, మల్లికార్జునం. శెట్టిగారి బిడ్డ. తండ్రి అంగడి వదిలేసి చింతబరికె పట్టినాడు. వీళ్ళ పిలగాడి చెయ్యి విరగ్గొట్టినాడంట. ఉద్యోగం పీకేసినారు. అది చాల్లేదు వీళ్ళకి."

మాలకొండమ్మ నెల్లూరు కోర్టు నుంచి వస్తోంది. ఆమె భర్తను పొలం గట్టు మీద పట్టపగలు నరికిన దాయాది చెంచురామయ్యను రెండురోజుల కిందటే వదిలేశారు. సాక్షులు తిరగబడ్డారు, నరికిన గొడ్డలి పోలీసులకు దొరకనే లేదు. ఆమె భయం ఇప్పుడు చెంచురామయ్య గురించి కాదు, పంతొమ్మిదేళ్ళ కొడుకు రామనారాయణ గురించి. తండ్రి శవం దగ్గర వాడు ఏడవలేదు. ఆ రోజు నుంచీ వేళకు తింటున్నాడు, నిద్రపోతున్నాడు. అలాంటి నెమ్మది ఎక్కడికి పోతుందో ఆ మెట్టసీమలో పుట్టిన ఆడదానికి ఒకరు చెప్పనక్కరలేదు. మద్రాసులో ఉన్న తమ్ముడు, ఎస్సెల్సీ గట్టెక్కితే వాణ్ణి కాలేజీలో చేర్పిస్తానన్నాడు. తల్లి ఏడ్చి కాళ్ళావేళ్ళా పడితే కొడుకు నవ్వి ఒట్టేశాడు: "ఇంగ్లీషు పాసైతే ఆ దినమే పోతానమ్మా." రెండుసార్లు తప్పినవాడికి ఆ ఒట్టు ఏం బరువు?

ఆమె బండి దిగింది. మస్తానయ్య చేతిలోని ముల్లుగర్ర లాక్కుని, దగ్గరున్నవాడి వీపు మీద ఒక్కటి వేసింది. "ఇడవండ్రా! ఒక్కణ్ణి ముగ్గురు కొట్టేది యాడి మగతనంరా?" ముల్లు దిగినవాడు కెవ్వుమన్నాడు. మొగుడు చచ్చిన ఆడదాని మీద చెయ్యెత్తడానికి మిగతా ఇద్దరికీ మనసొప్పలేదు. తిట్టుకుంటూ పోయారు.

"ఇన్ని దెబ్బలు తిని కూడా మాట మార్చలేదే నువ్వు! నా కొడుకును ఇంగ్లీషులో పాసు చేయిస్తావా అయివారూ?"

మల్లికార్జునం ఊడిన పన్ను అరచేతిలోకి ఉమ్మి చూసుకున్నాడు. "ఎన్నిమార్లు పోయింది?"

"రెండు."

"బరికె పట్టుకోనిస్తావా?"

"తోలు నీది, ఎముకలు నావి."

"ఎముకల సంగతి ఇప్పుడే చూసినావు గదమ్మా," అంటూ అతను బండెక్కాడు.

తెల్లవాళ్ళు ఓడలెక్కిపోయి అప్పటికి ఐదేళ్ళు. తుపాకులు తీసుకుపోయారు, టోపీలు తీసుకుపోయారు. వాళ్ళ వాక్యాలు మాత్రం దుత్తలూరు మెట్టల్లో కూడా దిగబడిపోయాయి. మన భాషలో అసలు సంగతి బండి వెనకాల దూడలా చివర వస్తుంది. ఎవడు, ఎక్కడ, దేనితో అన్నీ చెప్పి, ఆఖర్న కదా నరికినాడనో పెట్టినాడనో అంటాం! వాళ్ళు ముందే అనేసి, తర్వాత తీరిగ్గా ఒక్కొక్కటే తగిలిస్తారు. ఈ తగిలించడమే రామనారాయణకు కొరుకుడు పడలేదు. విత్, ఇన్, ఆన్ అనే పొట్టి మాటల వెనక ఒక పేరు పెట్టమంటే పెడతాడు. పూర్తి వాక్యం పెట్టమంటే కాళ్ళు తడబడతాయి.

మల్లికార్జునం వాణ్ణి కపిలబావి దగ్గరికి తీసుకుపోయి, ఎడ్లు మోకుతాడు లాగి బానతో నీళ్ళు తోడుతుంటే చూపించాడు.

"మోకును నేరుగా నీళ్ళకు కడతావంట్రా?"

"నీళ్ళకెట్ట కడతారు? బాన ఉండాల."

"అదీ! విత్ అనేది మోకు. వెనక వచ్చే వాక్యం నీళ్ళు. మధ్యలో బాన ఏది? విచ్! విత్ విచ్, ఇన్ విచ్, బై విచ్. ఇన్ స్పైట్ ఆఫ్ అనే మోకుకు బాన వేరే: ద ఫ్యాక్ట్ దట్. బాన లేకుండా తోడినావంటే నీ వీపే తడుస్తాది."

తడిసింది. మొదటి నెలలో వీపు మీద చింతబరికె వాతలు పడని రోజు లేదు. ఒకనాడు రామనారాయణ ఆ బరికె గుంజుకుని అయివారినే బాదాడు. భుజం మీద, మెడ మీద, చెయ్యి నొప్పి పుట్టేదాకా బాదాడు. మల్లికార్జునం అరుగు మీంచి పడి, లేచి, దుమ్ము దులుపుకున్నాడు.

"అయిందా? ఇంగ చెప్పు. ద హౌస్ ఇన్ విచ్..."

ఆ తర్వాత వాడు ఎదురు తిరగలేదు. తనను కొట్టిన మనిషికి పాఠం చెప్పేవాణ్ణి ఏం చెయ్యాలో వాడికి తోచలేదు కాబోలు. పైగా వాడికి వాక్యాలు రాసాగాయి. మాఘమాసం వచ్చేసరికి ధారాళంగా వచ్చాయి. అరుగు మీంచి మల్లికార్జునం "శభాష్!" అనడం వంటింట్లోకి వినిపించేది. మాలకొండమ్మ పొయ్యి ముందు కూర్చుని, విన్నప్పుడల్లా దణ్ణం పెట్టుకునేది.

ఒక శుక్రవారం పొద్దున ఆ ఇంగ్లీషు మధ్యలో ఆమెకు తెలిసిన మాట ఒకటి వినిపించింది. చెంచురామయ్య. కాసేపటికి మళ్ళీ అదే. పాఠమయ్యాక కొడుకు తువ్వాలు భుజాన వేసుకుని బయటికి పోయాడు. ఆమె అరుగు మీదికి వచ్చింది.

"వాడి పేరెందుకు పలికినాడు అయివారూ?"

"సొంతంగా వాక్యాలు కట్టమన్నానమ్మా. ఎంత బాగా కట్టినాడో వింటావా?" అతని ముఖం వెలిగిపోతోంది. "ఏ గొడ్డలితోనైతే మా నాయనను నరికినారో, ఆ గొడ్డలి మా గడ్డివాములో ఉండాది. ఏ దారినైతే చెంచురామయ్య మొక్కు తీర్చను దర్గాకు పోతాడో, ఆ దారిలో వాగుండాది. ఏ దినమైతే... ఒక్క తప్పు లేదు తల్లీ! రెండు నెలలనుంచీ ఇదే వరస, దినదినానికీ..."

ఆమె ముఖం చూసి ఆగిపోయాడు.

పోలీసులు ఊరంతా తవ్వినా దొరకని గొడ్డలి. శవం పక్కనుంచి దాన్ని తీసి దాచింది కొడుకే. అది దాచాడు గనకే కేసు కొట్టేశారు. కోర్టు వేసే శిక్ష వాడికి అక్కరలేదు. మాలకొండమ్మ పరుగెత్తి గడ్డివాములో మోచేతుల దాకా చేతులు పెట్టి పెరికింది. గడ్డి తప్ప ఏమీ లేదు.

ఆమె తిరిగొచ్చి అయివారి చెంప పగలగొట్టింది. "రెండు నెలలుగా నీకు చెప్పి చంపబోతావుంటే శభాష్ అంటివా! చెవులుండాయా నీకు? ఈ దినం శుక్రవారంరా, వాడు దర్గాకు పోయే దినంరా, సచ్చినోడా!"

మల్లికార్జునం చెప్పులు లేకుండానే వాగువైపు పరుగెత్తాడు.

అప్పటికే ఒంటెద్దు బండి ఇసుకలో పక్కకు ఒరిగి ఉంది. ఎద్దు మెడలోంచి రక్తం బుసబుసా పొంగుతోంది. చెంచురామయ్య వెల్లకిలా పడి, తెగిన చెవిని ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో ఇసుక విసురుతున్నాడు. "ఒరే నాయనా, నీ పెదనాయన్నిరా!" అని ఏడుస్తున్నాడు. రామనారాయణ గొడ్డలి పైకెత్తాడు. మల్లికార్జునం మధ్యలో దూరాడు.

"దించరా!"

"పక్కకు జరగండి. శభాష్ అన్నది మీరే గదా!"

"అన్నాను. వాక్యానికన్నాను. దించు!"

ఎత్తిన గొడ్డలి ఎత్తినట్టే దిగింది. అయివారు అడ్డం పెట్టిన కుడిచేతి మీద పడింది. రెండు వేళ్ళు ఇసుకలో పడ్డాయి. చెంచురామయ్య దేకుతూ, పడుతూ, లేస్తూ తుమ్మల్లోకి పారిపోయాడు. రామనారాయణ వెంటపడలేదు. ఆ వేళ్ళనే చూస్తూ నిలబడి, గొడ్డలి ఇసుకలో పారేశాడు. మాలకొండమ్మ వచ్చి ముందు చీరకొంగు చించి అయివారి చేతికి బిగించింది. తర్వాత కొడుకును జుట్టు పట్టుకుని, చేతులు పడిపోయేదాకా కొట్టింది. వాడు అప్పుడు ఏడ్చాడు, తండ్రి పోయాక మొదటిసారి.

ఉదయగిరి నుంచి సబ్ ఇన్‌స్పెక్టరు వచ్చాడు. "నీ వేళ్ళు ఎవురు నరికినారు?"

"నేనే. కట్టెలు కొట్టుకుంటా."

"చెంచురామయ్య చెవి?"

"అది ఆయన్నే అడగండి. నేను ఇంగ్లీషు అయివారిని."

చెంచురామయ్యకు సాక్షి దొరకలేదు. సాక్షుల్ని తిప్పుకోవడం ఆ ఊరికి నేర్పింది ఆయనే కాబట్టి, ఎవరూ జాలిపడలేదు కూడా. కట్టు విప్పిన మర్నాడే పాఠం మొదలైంది. బరికె ఎడమచేతికి మారింది. ఎడమచేతి దెబ్బ ఎక్కడ తగులుతుందో కొట్టేవాడికే తెలియదు గనక ఇంకా ఘోరంగా ఉండేది.

ఎండలు ముదిరాక ఫలితాలు వచ్చాయి. రామనారాయణ గట్టెక్కాడు. ఒట్టు ఒట్టే. మాలకొండమ్మ వాణ్ణి దుత్తలూరు దాకా బండిలో తెచ్చి, నెల్లూరు పోయే బస్సెక్కించింది. అక్కణ్ణుంచి మద్రాసు రైలు. వాడు వంగి అయివారి కాళ్ళు పట్టుకున్నాడు. మల్లికార్జునం తల నిమరలేదు. "పో, బస్సు పోతాది," అన్నాడు. బస్సు కదిలింది. దుమ్ము అణిగేదాకా తల్లి అటే చూసింది.

తర్వాత ఆమె అయివారి వైపు తిరిగింది. నాలుగు నెలలుగా గొంతులో పెట్టుకున్నది అడిగింది.

"నిజం చెప్పు అయివారూ. శెట్టింట్లో పుట్టినోడివి, మనుషుల మాట వెనక మాట తెలవనోడివి కాదు. వాడు చెప్పేది రెండు నెలలూ నీకు తెలవనే లేదా? తెలిసీ, పాసవుతాడులే అని ఊరకుంటివా?"

మల్లికార్జునం ఆమె ముఖంలోకి చూశాడు. రెండు వేళ్ళు లేని కుడిచేతిని ఒకసారి చూసుకున్నాడు. మస్తానయ్య ఎడ్లను కాడికి కడుతూ ఆగి, వినడానికి నిలబడ్డాడు. అయివారు కోటు భుజాన వేసుకున్నాడు. ఉదయగిరి బాట పట్టి, ఎర్రమట్టి మీద నడిచిపోయాడు.